సాగర్ చూపిస్తే ర్యాంకు పోతుంది

ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్ పిల్లల్ని ఏడాదికోసారైనా ఎడ్యుకేషనల్ టూర్‌కు తీసుకెళ్లాలని కొందరు తల్లిదండ్రులు ఈమధ్య తెగ పట్టుబడుతున్నారు. వాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. దానివల్ల పిల్లల చదువుకు వాటిల్లే ముప్పు గురించి మాత్రం ఎవరూ నోరు విప్పడం లేదు. ఆ అప్రియమైన బాధ్యత నేను నెత్తికెత్తుకుంటున్నాను.

నాగార్జునసాగర్‌నే తీసుకోండి. ఆనకట్ట గోడను అడుగున ఎందుకు వెడల్పుగా కడతారని తొమ్మిదో తరగతి ఫౌండేషన్ కుర్రాణ్ని అర్ధరాత్రి లేపి అడిగినా, లోతుతో పాటు నీటి పీడనం పెరుగుతుంది కాబట్టి అంటాడు. వంద మీటర్ల లోతున ఆ పీడనం ఎంత అంటే, "జీ విలువ 9.8 వేసుకోవాలా, 10 వేసుకోవాలా సార్?" అని మనల్నే అడుగుతాడు. అంతటి విద్వాంసుడికి 124 మీటర్ల ఎత్తున్న అసలు డ్యామును చూపించడం కంటే అవివేకం ఉంటుందా?

చూశాడంటే ఊరుకోడు. ఈ 26 గేట్లను ఎలా ఎత్తుతారంటాడు. అంత పైనుంచి నీళ్లు పడుతుంటే కింద నేల కోసుకుపోదా అంటాడు. అన్నిటికంటే ప్రమాదకరమైన ప్రశ్న ఇంకొకటుంది: ఇంత పెద్ద డ్యామును కాంక్రీటుతో కాకుండా రాయితో ఎందుకు కట్టారు? 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికి సిమెంటుకూ యంత్రాలకూ కటకట, కూలి చేతులకు మాత్రం కరువు లేదు, అందుకని రాయి మీద రాయి పేర్చారని చెప్పాలి. చెప్పామా, ఫిజిక్స్ కాస్తా సోషల్ అయిపోతుంది. సోషల్ పీరియడ్‌ను మ్యాథ్స్‌కు ఇచ్చేసి చాలాకాలమైంది. ఇప్పుడు దాన్ని వెనక్కి అడిగేదెవరు?

సాగర్ దగ్గరే ఉన్న అనుపు సంగతి ఇంకా ఘోరం. నాగార్జునకొండ లోయ తవ్వకాల్లో బయటపడ్డ ఇక్ష్వాకుల కాలం నాటి రంగస్థలం జలాశయంలో మునిగిపోతుందని, పురావస్తు శాఖ వాళ్లు దాన్ని తెచ్చి అక్కడ మళ్లీ నిలబెట్టారు. నాలుగు వైపులా రాతి మెట్లు, మధ్యలో ఖాళీ స్థలం. పిల్లలు అక్కడ నిలబడితే చప్పట్లు కొట్టకుండా ఉంటారా? ప్రతిధ్వని వినాలంటే గోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలని బట్టీ పట్టినవాడు వెంటనే టేపు అడుగుతాడు. మెట్లకూ తనకూ మధ్య దూరం కొలుస్తాడు. ఒకడు పై మెట్టెక్కి వింటానంటాడు, ఇంకొకడు కింద గుసగుసలాడతానంటాడు. ఇలా ఒక్క లెక్కకు గంటన్నర పడుతుంది. క్లాసులో దానికిచ్చేది రెండు నిమిషాలు, తప్పితే మైనస్ ఒకటి.

ఈ ముప్పును ముందే పసిగట్టి టూర్‌ను జాగ్రత్తగా నడిపే యాజమాన్యాలకు చేతులెత్తి మొక్కాలి. శని, ఆదివారాలు వీకెండ్ టెస్టులుంటాయి కాబట్టి బస్సులు శుక్రవారమే బయలుదేరతాయి. జలాశయం మధ్య దీవిలో ఉన్న నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారమే సెలవు కావడం దైవ సంకల్పం. లాంచీ ఎక్కే బాధ ఒకటి తప్పుతుంది. డ్యాము దగ్గర దిగగానే పీఈటీ సార్ విజిల్ ఊదుతారు. పిల్లలు ఎత్తు ప్రకారం వరసగా నిలబడి ఫ్లెక్సీ పట్టుకుంటారు. ఆ ఫ్లెక్సీ వెడల్పు ఎంతో ముచ్చటగా ఉంటుంది, వెనక గేట్లు ఒక్కటీ కనబడవు. ఫొటో తీయడం, పులిహోర ప్యాకెట్లు పంచడం, మళ్లీ బస్సెక్కించడం అంతా పావుగంట పని. మిగతా రోజంతా వాటర్ పార్కులో. అక్కడ జారుడుబల్ల మీద నీళ్లు పారుతుంటాయి కాబట్టి అది కూడా ఫ్లూయిడ్ మెకానిక్సే అని డీన్ గారు పేరెంట్స్ గ్రూపులో రాశారు. కాదనడానికి మనమెవరం? తిరుగు ప్రయాణంలో బస్సులోనే స్లిప్ టెస్ట్. సీటు ముందున్న కడ్డీ మీద ప్యాడ్ ఆనించి, గతుకుల్లో ఓఎంఆర్ బుడగలు దిద్దడమే వాళ్లు ఆ రోజు చేసిన ఏకైక ప్రాక్టికల్.

ఇంత జాగ్రత్త పడ్డా కిటికీ పక్కన కూర్చున్న ఒకరిద్దరు తలతిప్పి బయటికి చూసే అవకాశం ఉంది. కాబట్టి నా మనవి ఇదీ. వచ్చే ఏడాది నుంచి సాగర్‌ను ఏసీ హాల్లో ప్రొజెక్టర్ మీదే చూపించండి. నలభై నిమిషాలు చాలు. ఆ రోజు స్టడీ అవర్ కూడా పోదు. బస్సు చార్జీ మాత్రం ఎప్పటిలాగే పదో తేదీలోపు కట్టాలి, ఆలస్యమైతే ఫైన్ ఉంటుంది.