అసౌకర్యానికి చింతిస్తున్నాము

మా ఇంట్లో ఏసీ లేదు. దీన్ని లేమి అని కొందరు, పిసినారితనమని మా బావమరిది అంటుంటారు. నేను మాత్రం అధికార పరిభాషలో చెప్పుకుంటాను. మేం పడుతున్నది కేవలం "అసౌకర్యం".

మాట నాది కాదు. ఏప్రిల్ వచ్చిందంటే కోస్తా వాతావరణ ప్రకటనల్లో ఒక వాక్యం మొదలవుతుంది: "వేడి, తేమతో కూడిన అసౌకర్య వాతావరణం". మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయిన ఇంట్లో, గోడకి ఆనుకుంటే గోడ కాలుతూ, గచ్చు మీద పడుకుంటే ఒంటి ఆకారమంతా తడిగా అచ్చుపడుతూ ఉన్న మనిషికి ఇంత మర్యాదైన మాట వెతికినవారెవరో గానీ, వారిది కచ్చితంగా మా కోనసీమే అయి ఉండాలి. తిట్టినా చివర "అండీ" చేర్చి తిట్టే సీమ మరి.

పోనీ దీన్ని వడగాడ్పు అందామంటే, దానికి అర్హతలు వేరే ఉన్నాయి. మైదాన ప్రాంతాల్లో కనీసం 40 డిగ్రీలు రావాలి. సముద్రం ఒడ్డువాళ్లకి 37 చాలు, మూడు డిగ్రీలు రాయితీ. కానీ రాయితీతో పాటు ఒక షరతు: ఆ ఊళ్లో మామూలుగా ఉండేదానికంటే నాలుగున్నర డిగ్రీలు పెరగాలి. మే నెలలో మామూలే 36, 37 ఉండేచోట ఇంకో నాలుగున్నర ఎక్కితే గానీ మన బాధకు హోదా రాదు. అంతవరకూ ఎంత ఉడికినా అది ఉక్కపోతే. ఉక్కపోత వడగాడ్పుకి చిన్న తమ్ముడు, ఆస్తిలో వాటా లేదు. ఆకు కదలని సాయంత్రం అరుగు మీద కూర్చుని "మనకేంటండి, మనదేమన్నా రెంటచింతలా!" అని గర్వపడుతూ, తువ్వాలు పిండుకోవడం మా ఆనవాయితీ.

తేమ గురించి రైతుని అడగాలి. దాళ్వా ధాన్యం కళ్లంలో పోసుకున్నవాడికి తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో బస్తా కదలదు. అందుకని ఊరంతా వాన కోసం ఆకాశం వంక చూస్తుంటే, అతనొక్కడే ఎండ కోసం దండం పెడుతుంటాడు. అదే సమయానికి 70 శాతం తేమలో మనుషులం నిలువునా నానుతుంటాం. మమ్మల్ని ఏ కేంద్రమూ కొనదు, ఆరబెట్టుకోవడానికి కళ్లమూ లేదు.

ఈ తేమను లెక్కచెయ్యకుండా కిందటేడు నేనొక శాస్త్ర ప్రయోగం చేశాను. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది "బావా, ఐసులా ఉంటుంది" అని తన పాత కూలర్ పంపించాడు. హైదరాబాద్‌లో అది ఐసులాగే ఉంటుంది. అక్కడ మే నెలలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడి గడ్డి మీదుగా వచ్చేటప్పుడు నీళ్లు ఆవిరై గాలి చల్లబడుతుంది. మా దగ్గర గాలిలో అప్పటికే నీళ్లు నిండుకుండలా ఉన్నాయి. అందులోకి నేను ఇంకో పది బిందెలు పోసి, తలుపులు బిగించి, ఎదురుగా కూర్చున్నాను. పావుగంటకి మా ఆవిడ తలుపు కాస్త తీసి చూసి, "ఉడికారా, ఇంకో అయిదు నిమిషాలు ఉంచమంటారా?" అంది. ఇప్పుడా కూలర్‌లో బంగినపల్లి కాయలు ముగ్గబెడుతున్నాం. బ్రహ్మాండంగా ముగ్గుతున్నాయి.

అసలు ముద్దాయి డాబా.

మా తాతగారిది తాటాకిల్లు. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరిగినప్పుడు ఆ కప్పు కూడా ఎటో వెళ్లిపోయింది. ఆ రాత్రి బళ్లో తలదాచుకున్న మా నాన్నగారు తెల్లారేసరికి ఒక ప్రతిజ్ఞ చేశారు. రెండేళ్లు తిరక్కుండా అప్పు చేసి స్లాబు పోయించారు. "ఎంత తుపానొచ్చినా కదలదురా ఇది" అన్నారు. ఆయన మాట అబద్ధం కాలేదు. అప్పటినుంచి స్లాబు కదల్లేదు, దాని కింద గాలి కూడా కదల్లేదు.

స్లాబంత నిజాయితీపరురాలు లోకంలో లేదు. పగలంతా ఎండను డిపాజిట్ చేసుకుంటుంది. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా, ఒక్క క్యాలరీ కూడా మిగుల్చుకోకుండా నెత్తిమీద తిరిగి చెల్లిస్తుంది. మా ఇంట్లో ఫ్యాను చేసే పనల్లా ఆ చెల్లింపుని అందరికీ సమానంగా పంచడమే. 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి ఒంటిని చల్లబరచకపోగా ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా ఇంట్లో ఈ విషయం ఎవరికీ చెప్పలేదు. ఫ్యాను కిందున్న నులకమంచం కోసం ముగ్గురు పోటీలో ఉన్నారు, అది తిరగడం వల్ల వాళ్లకి కనీసం ఆశ అయినా మిగిలి ఉంది. ఇక డాబా మీది నల్ల ట్యాంకు వల్ల గీజరు ఖర్చు పూర్తిగా తప్పింది. సాయంత్రం నాలుగింటికి కుళాయి తిప్పితే టీ పొడి వేసుకోవడమే తరువాయి.

పైకెళ్లి పడుకోవచ్చుగా అంటారు. పైన దోమలున్నాయి. ఊరి చుట్టూ చేపల చెరువులైతే దోమలు మాత్రం ఎక్కడికి పోతాయి పాపం. తెల్లవారుజామున మూడింటికి కాస్త గాలి తిరుగుతుంది, కన్ను మూతపడుతుంది. అయిదున్నరకల్లా సూర్యుడు డ్యూటీకి వచ్చేస్తాడు. కాలవలో దిగుదామంటే, 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి డెల్టా అంతటికీ పంచిన ఆ నీళ్లను, సరిగ్గా ఎండ ముదిరే రోజులు చూసి పంట అయిపోయిందని, మరమ్మతులని కట్టేస్తారు.

జాగ్రత్తలు మాత్రం ఫోన్‌కి ఠంచనుగా వస్తాయి. "మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు బయటకు రావద్దు. ఇంట్లో చల్లని గదిలో ఉండండి." మాకున్నవి రెండు గదులు. ఒకటి వేడిది, రెండోది వంటిల్లు. వంటింట్లో ఫ్యాను వేస్తే పొయ్యి ఆరిపోతుంది, పొయ్యి ఆపితే మేం ఊరుకోం. అక్కడ నిలబడే మనిషిని ఉద్దేశించి ఇంతవరకూ ఒక్క హెచ్చరికా రాలేదు, ఇంట్లోవాళ్ల నుంచి తప్ప.

ఆ మెసేజీని మా దొడ్లో కాయ దింపడానికి వచ్చినతనికి చదివి వినిపించాను. "పన్నెండు నుంచి మూడు దాకా కింద తిరగొద్దంటన్నారా అండీ? అయితే చెట్టు మీదే ఉంటాను. పైన కాస్త గాలాడుద్ది" అన్నాడు. 2015 మే నెలలో రాష్ట్రంలో వడదెబ్బకి వెయ్యిమందికి పైగా పోయారు. ఎక్కువమంది ముసలివాళ్లు, కూలికెళ్లకపోతే పూట గడవనివాళ్లు. ఆ ఏటికి ఏ మర్యాద మాట పెట్టాలో నాకు తోచలేదు.

ఈ ఏడు పక్కింటివారు ఏసీ పెట్టించారు. సంతోషం. ఏసీ చలిని పుట్టించదు, లోపలి వేడిని తోడి బయట పారబోస్తుంది, కాల్చిన కరెంటు వేడి దానికి కొసరు. పారబోసే పెట్టె మా పడగ్గది కిటికీకి మూడడుగుల దూరంలో ఉంది. చెత్త మన గుమ్మంలో పోస్తే పంచాయతీలో చెప్పుకోవచ్చు, వేడి పోస్తే ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఆయనకే చెప్పాను. "మీరూ ఒకటి పెట్టించేయండి మాస్టారూ, అప్పుడు మీకు తెలీదు" అన్నారు. ఆయన సలహా అందరూ పాటించినట్టున్నారు, ఈమధ్య రాత్రి పదింటికల్లా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఢామ్మంటోంది. అప్పుడు ఏసీవాళ్లూ విసనకర్రవాళ్లూ అందరం అరుగుల మీదికొస్తాం. వాళ్లు దుప్పట్లతో వస్తారు, అదొక్కటే తేడా.

డాబాకి సున్నం కొట్టిస్తే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుందన్నారు. కొట్టించాను, తగ్గింది. మామిడికాయల వాన ఒకటి పడేసరికి సున్నమూ తగ్గింది. ఆఖరికి మొన్న తాటాకు నేసేవాళ్లని వెతికి పట్టుకొచ్చాను. వచ్చిన పెద్దాయన డాబా అంతా తిరిగి చూసి, "స్లాబు కారతందాండీ?" అని అడిగాడు.

"కారట్లేదు, కాలుతోంది" అన్నాను.

రెండు రోజుల్లో స్లాబు మీద వెదురు గుంజలు పాతి తాటాకు పందిరి వేసి వెళ్లాడు. సాయంత్రం మా నాన్నగారు మెల్లిగా మెట్లెక్కి వచ్చి, దాని కింద కాసేపు నిలబడి, ఆకు తడిమి చూశారు. "తుపానొస్తే ఎగిరిపోద్దిరా ఇది" అన్నారు. అని, తన మంచం పైకి తెమ్మన్నారు.