మొలవనిదంతా తాలు కాదు

పర్లాకిమిడిలోని మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఈ సందేశం రావడం ఈ నెలలో నాలుగోసారి. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధికి అమెరికాలో ఇస్తున్న జన్యు చికిత్సను ఎయిడ్స్ వైరస్‌తో చేస్తారట. ఆ వైరస్ కణాలలో నూటికి తొంభైతొమ్మిది ఖాళీ డొల్లలేనట. కనుక వైద్యమంతా మోసమట. ఈ వ్యాధికి ఇప్పుడు మింగుతున్న హైడ్రాక్సీయూరియా మాత్రలు కూడా మానేసి బొప్పాయి ఆకు రసం తాగాలట.

ఎయిడ్స్ సంగతికి ఒక్క వాక్యం చాలు: ఈ చికిత్సలో జన్యువును జీవకణంలోకి మోసుకెళ్లే వాహకమైన లెంటీవైరల్ వెక్టర్‌లో హెచ్‌ఐవీ అనే ఎయిడ్స్ వైరస్ పెంకూ కొన్ని ఎంజైములూ ఉంటాయి గానీ, ఆ వైరస్ మళ్లీ పుట్టడానికి కావలసిన జన్యువులు అందులోకి ఎక్కవు.

తొంభైతొమ్మిది అన్న మాట దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఆ అంకెకు కొంత ఆధారముంది, దానికి చెప్పిన అర్థానికే ఏ ఆధారమూ లేదు. వెక్టర్ కణాలలో జన్యువును నిజంగా చేరవేయగలిగేది వందకొకటో, వెయ్యికొకటో ఉండడం మామూలే. అంతమాత్రాన తక్కినవన్నీ ఖాళీవా? మడిలో చల్లిన వడ్లలో మొలవనివన్నీ తాలేనని ఏ రైతూ అనడు; కొన్ని పిట్టల పాలవుతాయి, కొన్ని కుళ్లిపోతాయి. చేర్చవలసిన జన్యువును మోసే ఆర్‌ఎన్‌ఏ నిండుగా ఉన్న వెక్టర్ కూడా జీవకణంలోకి దూరలేకపోవచ్చు, దూరినా ఆ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకోలేకపోవచ్చు.

వెక్టర్ కణాలలో ఆర్‌ఎన్‌ఏ ఎంతవరకు సర్దుకుందో చెప్పే లెక్క వేరే ఉంది. పెంకులోని పీ24 ప్రోటీన్‌ను ఎలైజా అనే పరీక్షతో కొలిచి కణాల సంఖ్యను అంచనా కడతారు. వెక్టర్ ఆర్‌ఎన్‌ఏ ప్రతులను ఆర్‌టీ-క్యూపీసీఆర్ అనే మరో పరీక్షతో లెక్కిస్తారు. ఒక్కో కణంలో రెండు ప్రతులు పడతాయి కనుక ఆ ప్రతుల సంఖ్యను సగం చేసి కణాల సంఖ్యతో పోలుస్తారు. వెక్టర్ తయారీలో వాడిన ప్లాస్మిడ్ (గుండ్రటి చిన్న డీఎన్‌ఏ ముక్క) మిగిలిపోతే అదీ ఆర్‌ఎన్‌ఏలాగే లెక్కలోకి వస్తుంది కాబట్టి ముందుగా డీఎన్‌ఏస్ ఎంజైముతో దానిని తుడిచేయాలి. పెంకు కట్టని పీ24 విడిగా తేలుతూ ఉంటే కణాలు ఉన్నవాటికన్నా ఎక్కువగా కనిపిస్తాయి, అప్పుడు లేని డొల్లలు కూడా లెక్కకెక్కుతాయి. సందేశం రాసిన మహానుభావుడు ఈ కొలతలలో దేనిని చదివాడో తెలియదు; జన్యువును చేరవేసే కణాలు, పీ24, ఆర్‌ఎన్‌ఏ మూడూ ఒకటేననుకుని ఉంటే మాత్రం ఆయన శ్రమ చాలా ఆదా అయింది.

పైగా 2023 డిసెంబరులో అమెరికా అనుమతించిన లిఫ్‌జీనియా అనే సికిల్ సెల్ జన్యు చికిత్సలో రోగికి వెక్టర్‌ను ఎక్కించరు. రక్త మూలకణాలను బయటకు తీసి, వాటిలో జన్యువును చేర్చి, ఆ మూలకణాలనే తిరిగి ఎక్కిస్తారు.

ఒకటి ఒప్పుకుంటాను. ఆ మందుకు రక్త క్యాన్సర్ ప్రమాదంపై మందు వివరాల పత్రంలో గడి కట్టి మరీ ముద్రించిన తీవ్ర హెచ్చరిక ఉంది, ధర 31 లక్షల డాలర్లు. సందేశంలో ఈ రెండూ రాసి ఉంటే నేనే పదిమందికి పంపేవాణ్ని.

ఇక మాత్రలు. హైడ్రాక్సీయూరియాలో ఏ వైరసూ లేదు. 1995లో వెలువడిన అధ్యయనంలో అది ఈ వ్యాధిలో వచ్చే నొప్పి దాడులను దాదాపు సగానికి తగ్గించింది. రాయగడలో ఉన్న మా పిన్ని కూతురు ఈ సందేశం చూసి కొడుక్కి వారం రోజులుగా మాత్రలు ఆపేసిందని నిన్న రాత్రి ఫోనులో తెలిసింది. ఈ ఉదయమే మళ్లీ మొదలుపెట్టించాను. రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళుతున్నారు.