సోనా మసూరి బస్తా ఉందన్న ధీమా

2024 జులై 8 తెల్లవారుజామున బెరిల్ హరికేన్ టెక్సస్‌లోని మటగోర్డా దగ్గర తీరం దాటింది. హరికేన్లలో అన్నిటికన్నా తక్కువదైన మొదటి కేటగిరీయే కదా అని హ్యూస్టన్ శివారైన మా కేటీలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. మాకు నాలుగో రోజు సాయంత్రం వచ్చింది. కొందరికి వారం దాటింది.

అప్పుడు అమ్మా నాన్నా మా దగ్గరే ఉన్నారు. అమ్మది అవనిగడ్డ, 1977 నవంబరు దివిసీమ ఉప్పెన చూసిన మనిషి. చీకటి పడగానే అడిగింది: "హరికేన్లొచ్చే ఊళ్లో కాపురముంటూ ఒక్క హరికేన్ లాంతరు లేదేంట్రా?" ఇంట్లో ఆవకాయ మూడు రకాలుంది. టార్చిలైటు ఒకటే, దాని బ్యాటరీలు ఎప్పుడో కారిపోయాయి.

గరాజ్‌లో రెండు సోనా మసూరి బస్తాలుంటే ఇక లోటు లేదనుకుంటాం మనం. కరెంటు పొయ్యి వెలగనప్పుడు బియ్యం, కందిపప్పు ఏం చేసుకుంటాం? ఫ్రిజ్ తలుపు తీయకపోయినా చల్లదనం నాలుగు గంటలే ఆగుతుంది. మా దోసెల పిండి సాయంత్రానికి పొంగి అరలన్నీ పాడుచేసింది. నాన్న ఇన్సులిన్ కోసం ఐసు వెతుక్కుంటూ తిరిగిన ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

తుఫానుకు ముందే సర్దిపెట్టుకోవాలని ఇక్కడి వాళ్లు రాసుకునే జాబితాల్లో ట్యూనా డబ్బాలు, బీన్సు డబ్బాలు ఉంటాయి. మా అమ్మ వాటి వంక కూడా చూడదు. పొయ్యితో పనిలేని తిండి మనకు లేక కాదు. ఆ నాలుగు రోజులూ మమ్మల్ని ఆదుకున్నవి అటుకులు, పుట్నాలు, వేరుశనగపప్పు, బెల్లం, కారప్పొడి. అటుకుల మీద నీళ్లు చల్లి, నిమ్మకాయ పిండుకుని తిన్నాం.

నీళ్ల లెక్క మాత్రం మనవాళ్లెవరూ వేయరు. మనిషికి రోజుకు ఒక గ్యాలన్ (దాదాపు 3.8 లీటర్లు) ఉండాలంటారు. ఆరుగురికి మూడు రోజులంటే 18 గ్యాలన్లు. 40 అర లీటరు సీసాల కేసులో అయిదు గ్యాలన్లకు కాస్త ఎక్కువుంటాయి. అంటే నాలుగు కేసులు కావాలి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో కుళాయి నీళ్లు కాచి తాగమన్నారు. కరెంటే లేని ఇంట్లో ఎలా కాచేది? అప్పుడే చలికి తాళలేక గరాజ్‌లో కారు ఆన్ చేసి ఉంచి, కార్బన్ మోనాక్సైడ్‌కు ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. జనరేటరైనా, బొగ్గుల పొయ్యైనా ఆరుబయటే పెట్టాలి.

అమ్మానాన్నల మాత్రల జాబితా కాగితం మీద రాసిపెట్టండి. ఇండియా కంపెనీ పేర్లు ఇక్కడి ఫార్మసీలో తెలియకపోవచ్చు, లోపలి మందు పేరు కావాలి.

టెక్సస్‌లో ఏప్రిల్ చివరి వారాంతంలో బ్యాటరీలు, టార్చిలు, 3,000 డాలర్ల లోపు జనరేటర్ల మీద అమ్మకం పన్ను ఉండదు. అంతకు కొద్ది వారాల ముందే ఉగాది సభ జరుగుతుంది. అక్కడ చీరల స్టాళ్ల పక్కన ఒక బల్ల మీద ఈ సామాను పరిచి చూపిస్తే మన తెలుగు సంఘానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఈ సామాను సర్దిన మా పెట్టె ఇప్పుడు మెట్ల కింద ఉంది. పుట్నాలూ బెల్లమూ మాత్రం పిల్లలు ఖాళీ చేస్తున్నారు, నెలకోసారి మళ్లీ నింపాల్సి వస్తోంది.