మధ్యాహ్నం మూడింటికి తోలుబొమ్మలాట

తోలుబొమ్మలాటకు ఏం కావాలండీ? చీకటి, ఒక తెల్లటి తెర, దాని వెనక దీపం. మేకతోలును పల్చగా గీకి, రంగులేసి, అన్నన్ని చిల్లులు పొడిచేదే అందులోంచి వెలుతురు రావాలని. మా యూనివర్సిటీ ఆర్ట్స్ ఫెస్ట్‌లో మాకిచ్చిన టైము మధ్యాహ్నం మూడు. అదీ ఓపెన్ గ్రౌండులో!

తోలుబొమ్మలకు పేరున్న నిమ్మలకుంట ఊరి నుంచి కళాకారులను పిలిపించాం. పెద్దాయన ఒకసారి పైకి చూసి, "ఏం నాయనా, సూర్యుణ్ని ఆర్పేస్తారా?" అన్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

షెడ్యూల్ వేసిందీ మాలాంటి స్టూడెంట్లే. అడిగితే, "సాయంత్రం డీజే ఉంది కదా బ్రో" అన్నారు. పోస్టర్ మీద మాత్రం 'అన్ని కళలూ ఒకే వేదికపై' అని ఇంతింత అక్షరాలు. వేదిక ఉంటే చాలా, వేళ అక్కర్లేదా?

చివరికి ఒక సెమినార్ హాల్లో, కిటికీలకు హాస్టల్ దుప్పట్లు కట్టి ఆడించాం. బాగానే వచ్చింది, కాదనను. కాకపోతే సరిగ్గా హనుమంతుడు లంకకు నిప్పు పెట్టే వేళకి బయట సౌండ్ చెక్ మొదలైంది. రావణుడు నోరు తెరిచినప్పుడల్లా "మైక్ చెక్, వన్, టూ, త్రీ!"

నా దుప్పటి ఇంకా దొరకలేదు.