మహారాజశ్రీ పార్ట్-2 గారికి

మహారాజశ్రీ పార్ట్-2 గారి దివ్యసముఖమునకు,

మీ ప్రేక్షకుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమసమాచారం మాత్రం ఎవరూ తిన్నగా చెప్పడం లేదు. నిర్మాతనడిగితే ‘స్క్రిప్ట్ లాక్ అయింది’ అంటాడు. దర్శకుణ్ణడిగితే ‘స్క్రిప్ట్ వర్క్ జరుగుతోంది’ అంటాడు. హీరోనడిగితే ‘ఫస్ట్ పార్ట్‌ని మించి ఉంటుంది’ అంటాడు. ఈ మూడు మాటలూ ఒకే వారంలో, ఒకే సినిమా గురించి వినొచ్చు.

నేను శుక్రవారం మనిషిని. పెద్ద హీరో సినిమా అయితే మార్నింగ్ షోకీ, చిన్న సినిమా అయితే టాక్ విని శనివారం ఫస్ట్ షోకీ పోతాను. నాలుగు వారాలాగితే ఓటీటీలో వస్తుంది కదా అని ఇంట్లో అంటూనే ఉంటారు, నేను వినను. అలా ఈ రెండుమూడేళ్ళలో చూసిన పెద్ద సినిమాలన్నీ ఒక రాత్రి తలుచుకుంటూ పడుకుంటే విషయం బోధపడింది. వాటిలో చాలావరకు సినిమాలు కావు, మీరు వస్తున్నారని చెప్పే ప్రకటనలు. మూడేసి గంటల ప్రకటనలు. టికెట్ కొని, టికెట్ కన్నా ఎక్కువ పెట్టి పాప్‌కార్న్ కొని మరీ చూశాను.

ముందు పాత బాకీలు తిరగేద్దాం.

2023 డిసెంబర్ 22న సలార్ వచ్చింది. ఖాన్సార్ అనే ఊరు, అందులో మూడు తెగలు, వాటికి దొరలు, ఎవరి కుర్చీ ఎవరు లాక్కున్నారు, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఇదంతా అర్థం చేసుకోవడానికే సెకండాఫ్‌లో సగం సరిపోయింది. ప్రభాస్ కొట్టుడు బాగుంది, అది వేరే సంగతి. తీరా హీరో దేవా ఏ తెగవాడో తేలింది కదా అని సర్దుకుని కూర్చుంటే సినిమా అయిపోయింది. మీకు ‘శౌర్యాంగ పర్వం’ అని పేరు కూడా పెట్టారు. నామకరణం అయింది, బిడ్డ జాడ లేదు. ఆ వంశవృక్షం నేనిప్పుడు మళ్ళీ మొదటి నుంచి బట్టీ పట్టాలి.

2024 జనవరిలో హనుమాన్. నిజం చెప్పాలంటే బాగా నచ్చిన సినిమా, తక్కువ డబ్బుతో అంత పని చేసి చూపించారు. చివర్లో ఒక ప్రశ్న వేశారు: శ్రీరాముడికి హనుమంతుడు ఇచ్చిన మాట ఏమిటి? జవాబు 2025లో అన్నారు. మాట తప్పని దేవుడి గురించి ఇచ్చిన మాట కదా అని నమ్మాం. 2025 వచ్చింది, దసరా అయింది, దీపావళి అయింది, ఏడాదే వెళ్ళిపోయింది.

2024లోనే జూన్ 27న కల్కి. కథంతా ఒక తల్లి కడుపులో ఉన్న బిడ్డ చుట్టూ తిరుగుతుంది. ఆ బిడ్డ కోసం అశ్వత్థామ కాపలా కాశాడు, కాంప్లెక్స్ అనే విలన్ల కోటవాళ్ళు వెంటపడ్డారు, బుజ్జి అనే కారు గాల్లోకి లేచింది. మూడు గంటలు గడిచినా కాన్పు కాలేదు, మీ చేతుల్లో పెట్టారు. ఈలోగా 2025 సెప్టెంబర్‌లో, ఆ తల్లి వేషం వేసిన నటి రెండో భాగంలో ఉండరని నిర్మాణ సంస్థే ప్రకటించింది. అంటే గర్భం పార్ట్-1లో, పురుడు పార్ట్-2లో, మధ్యలో తల్లి మారుతుంది. అయినా నాకు బెంగ లేదు. కుండలో పుట్టిన ద్రోణుడూ హోమగుండంలోంచి లేచొచ్చిన ద్రౌపదీ ఉన్న దేశం మనది. పురాణం తీసేవాళ్ళకి దారి దొరక్కపోదు.

2024 సెప్టెంబర్ 27న దేవర. (చూడనివాళ్ళెవరైనా ఉంటే ఈ పేరా దాటేయండి.) దేవరని చంపింది సొంత కొడుకే అని చివర్లో తెలుస్తుంది. ఎందుకు చంపాడో మీరొచ్చి చెప్పాలి. నమ్మినవాడే చంపాడు, కారణం తర్వాత చెప్తాం అనే ఈ పద్ధతి ఎక్కడో చూసినట్టు లేదూ? దాని దగ్గరికే వస్తున్నా.

ఇక 2025 జూలై 24న హరిహర వీరమల్లు. ఎప్పుడో 2020లో మొదలైన సినిమా. కోహినూర్ తెస్తానని బయల్దేరిన వీరుడు సినిమా అయ్యేసరికి వట్టి చేతులతోనే ఉన్నాడు. ఆ వజ్రం ఎలాగూ లండన్ టవర్‌లో అద్దాల పెట్టెలో భద్రంగా ఉంది కాబట్టి తొందరేం లేదనుకున్నారేమో.

పోనీ మీరొస్తే బాకీ తీరుతుందా అంటే, అదీ లేదని పుష్ప చూశాక తెలిసింది. 2021లో మొదటిది వచ్చింది, మూడేళ్ళకి 2024 డిసెంబర్‌లో మీరొచ్చారు, మూడు గంటల ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు. గంగమ్మ జాతర దగ్గర హాల్లో నా పక్కవాడికి పూనకం వచ్చినంత పనైంది, కాదనను. తీరా అన్నీ సర్దుకున్నాయి, పెళ్ళి జరుగుతోంది అనుకుంటే అక్కడ బాంబు పేలింది. మూడో భాగమట. అప్పు తీర్చడానికొచ్చి కొత్త నోటు రాయించుకుపోయారు మీరు.

హాల్లో ఆ చివరి అయిదు నిమిషాలు ఎలా ఉంటాయో మీరెప్పుడూ చూసి ఉండరు, తెర మీద ఉంటారు కాబట్టి. విలన్ ఇంకా బతికే ఉంటాడు. అనుమానం వచ్చినవాళ్ళు ఫోన్లు తీసి టైమ్ చూసుకుంటారు, చీకట్లో అక్కడక్కడా మొహాలు నీలంగా వెలుగుతాయి. అప్పుడు ఏ కొండ కొమ్ము మీదో, ఏ గుహలోనో ఒక ఆకారం అటు తిరిగి నిలబడి ఉంటుంది. స్పీకర్లు అదిరిపోతుంటాయి. ఆకారం మెల్లగా ఇటు తిరుగుతుంది, మొహం కనపడీ కనపడకుండానే తెర నల్లబడి మీ పేరు పడుతుంది. ముందు వరసల్లో కుర్రాళ్ళు చింపిన కాగితాలు ఎగరేస్తారు. ఒకసారి మా వరసలో ఒక పెద్దావిడ ‘అయిపోయిందా?’ అని అల్లుణ్ణి అడిగింది. ‘లేదత్తయ్యా, ఇంకా ఉందంట’ అన్నాడతను. ఆవిడ సంచీ మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఉండేది ఇవాళ కాదని చెప్పి లేపడానికి అతని తల ప్రాణం తోకకి వచ్చింది. చీపురు పట్టుకున్న కుర్రాడు తలుపు దగ్గర నిలబడి, ఎప్పుడెప్పుడు లేస్తారా అని చూస్తున్నాడు. ‘విలన్ చావకుండా ఇంటికెళ్ళిపోవడమేంట్రా’ అని ఆవిడ మెట్లు దిగేదాకా అంటూనే ఉంది. నేను చదివిన రివ్యూల్లో దాన్ని మించింది లేదు.

మీకింత పలుకుబడి బాహుబలి వల్ల వచ్చింది. అంతకుముందు మీరు లేరని కాదు, 2010లోనే రక్తచరిత్ర రెండు భాగాలుగా వచ్చింది. కానీ అప్పట్లో మిమ్మల్ని పట్టించుకున్నవాడు లేడు. 2015 జూలై 10న కట్టప్ప కత్తి దిగింది, మీ దశ తిరిగింది. 2017 ఏప్రిల్ 28 దాకా దేశం మొత్తానికి ఒకటే ప్రశ్న: బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడు?

ఆ ప్రశ్న ఊరికే పండలేదండీ. మొదటి భాగంలో శివుడనే హీరో జలపాతం ఎక్కాడు, కన్నతల్లిని చెర విడిపించాడు, తానెవరో తెలుసుకున్నాడు. కాలకేయులతో యుద్ధం జరిగింది, ఎవరు గెలిచారో, సింహాసనం ఎవరిదో తేలింది. అన్నీ అయ్యాక, సినిమా అంతా విశ్వాసానికి మారుపేరుగా చూపించిన మనిషి చేతికి కత్తి ఇచ్చి ప్రశ్న అడిగారు. తర్వాతొచ్చినవాళ్ళు ఆ ప్రశ్నని ఎత్తుకుపోయారు గానీ దానికి ముందున్న సినిమాని అక్కడే వదిలేశారు. ఇప్పుడు మీ పేరు చెప్పి జరిగేదేమిటంటే, ఆకు వేసి, నీళ్ళు చల్లి, ఉప్పూ ఊరగాయా వడ్డించి, అన్నం రెండేళ్ళ తర్వాత పెడతామనడం.

భోజనం డబ్బులు మాత్రం ముందే. పెద్ద సినిమా వస్తుందంటే టికెట్ రేటు పెంచుకోండని రెండు రాష్ట్రాల్లోనూ జీవోలు వస్తుంటాయి. బడ్జెట్ ఎక్కువైందని పెంచుతారు, సరే. కథ సగమే ఉంది కాబట్టి రేటు సగం చేస్తున్నాం అన్న జీవో ఒక్కటీ నా కంటపడలేదు.

మీ మీద నిర్మాతలకి అంత ప్రేమ ఎందుకో నాకూ తెలుసులెండి. ఒక సెట్టు వేస్తే రెండు సినిమాలకి పనికొస్తుంది, హక్కులు రెండుసార్లు అమ్ముకోవచ్చు. మొదటిది పోయిందా, మీ గురించి అడిగేవాడే ఉండడు, మీరు మర్యాదగా కనుమరుగైపోతారు. రైటర్‌కైతే మీరు దేవుడు. క్లైమాక్స్ తట్టలేదా, అక్కడ ఆపేసి దానికి ‘యూనివర్స్’ అని పేరు పెడితే చాలు. ఎన్టీఆర్ జీవితకథని మాత్రం 2019లో ఆరు వారాల తేడాతో రెండు ముక్కలుగా వదిలారు, జనవరిలో కథానాయకుడు, ఫిబ్రవరిలో మహానాయకుడు. మొదటిదానికే జనం రాలేదు, అయినా చెప్పిన మాట ప్రకారం రెండోది వచ్చింది. ఆ నిజాయితీకి ఎవరూ దండ వెయ్యలేదు, పాపం.

కథని మధ్యలో ఆపి చెప్పడం మనకేం కొత్త కాదు. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో చందమామ మొదలుపెట్టారు. ఆ పత్రికలో ఏళ్ళ తరబడి దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ వచ్చాయి, చిత్రకారుడు చిత్రా గారి బొమ్మలతో. నెలకి నాలుగైదు పేజీలుండేవేమో. ఏ క్రూరమృగమో మీదికి దూకే చోట ఆపి ‘ఇంకా వుంది’ అని వేసేవారు. మళ్ళీ నెల తిరిగేసరికి పుస్తకం వచ్చేది. పైన జరిగిన కథ నాలుగు ముక్కల్లో చెప్పి, ముందు ఆ మృగం సంగతి తేల్చి, అప్పుడు ముందుకెళ్ళేవారు. కొట్టువాడు ‘మృగం స్క్రిప్ట్ వర్క్ జరుగుతోంది’ అని చెప్పిన నెల లేదు.

ఆ నాగిరెడ్డి, చక్రపాణి గార్లే విజయా వారి పేరు మీద 1957లో మాయాబజార్ తీశారు. నెలనెలా ‘ఇంకా వుంది’ అని అచ్చేసిన చేతులే అవి. వెనకాల మహాభారతమంత కథ ఉంది. అయినా పాండవుల్ని ఒక్క షాట్‌లో కూడా చూపించకుండా, ఘటోత్కచుడి చేత లడ్డూలు తినిపించి, శశిరేఖ పెళ్ళి చేసి, జనాన్ని నవ్వుతూ ఇంటికి పంపించారు. ఇవాళ తీస్తే పాండవులు మీ వాటాకి వచ్చేవాళ్ళు. చివరి షాట్‌లో అటు తిరిగి నిలబడ్డ అయిదు ఆకారాలు, ఒకడి భుజం మీద గద.

నిడివి చాలలేదంటారా? 1977లో దానవీరశూర కర్ణ దాదాపు నాలుగు గంటలు. కురుక్షేత్రం దాకా అంతా ఒకే టికెట్ మీద చూపించారు.

మీ బంధువర్గంలో పద్ధతైనవాళ్ళూ ఉన్నారు. ‘హిట్’ అనే పోలీసు కథల సిరీస్‌లో 2020, 2022, 2025లో మూడు సినిమాలొచ్చాయి. ఏ కేసు ఆ సినిమాలోనే తేలుతుంది, రెండోదాని నుంచి ఆఖర్న కొత్త పోలీసు మొహం చూపించి ఊరుకుంటున్నారు. వస్తే చూస్తాం, రాకపోయినా మా డబ్బులు మాకు ముట్టినట్టే. మూడోదానిలో నరుకుడు నాకు ఎక్కువైంది గానీ, లెక్క తేలిన సినిమాని తిట్టడంలో కూడా ఒక హాయి ఉంటుంది.

ఇక చిన్న సినిమాల ముందు మీరు తలెత్తుకోలేరు. 2025 మార్చిలో వచ్చిన కోర్ట్‌లో ఒక పేద కుర్రాణ్ణి పోక్సో కేసులో ఇరికించారు, వాదించారు, తీర్పు వినిపించారు. బయట కోర్టుల్లో ఏళ్ళకేళ్ళు వాయిదాలు పడతాయని అందరికీ తెలుసు, సినిమా కోర్టు మాత్రం సాయంత్రంలోగా తేల్చి పంపించింది. ‘35’ అనే సినిమాలో సున్నాకి విలువ లేనప్పుడు ఒకటి పక్కన చేరితే పదెలా అవుతుందని ఒక పిల్లాడు పట్టుబట్టి అడుగుతాడు. వాడి పాస్ మార్కుల సంగతి తేలేదాకా కథ నడిచింది. మార్కులు పార్ట్-2లో అనలేదు. లిటిల్ హార్ట్స్‌లో ఎంసెట్ ర్యాంకు రాని కుర్రాడి ప్రేమ కూడా రెండు గంటల్లో ఒడ్డుకి చేరింది. ఖాన్సార్‌కి లేని తీరిక లాంగ్‌టర్మ్ కోచింగ్ సెంటర్‌కి ఎక్కణ్ణుంచి వచ్చిందో మీరే కనుక్కోవాలి.

కాబట్టి కొన్ని విన్నపాలు. పోస్టర్ మీద హీరో పేరు ఎంత లావుందో ‘పార్ట్-1’ అన్న మాట కూడా అంతే లావుండాలి, భూతద్దం పెట్టి వెతుక్కునేలా కాదు. పార్ట్-1 టికెట్ ముక్క దాచుకుని తెచ్చినవాడికి మీ సినిమాలో రేటు తగ్గించాలి. మీరొచ్చే ముందు జరిగిన కథ చందమామలో లాగా నాలుగు ముక్కల్లో హాల్లోనే చెప్పించండి, యూట్యూబ్‌లో అరుస్తూ చెప్పేవాళ్ళ పాల పడేయకండి. రావడం కుదరకపోతే ఒక కార్డు ముక్క రాయండి: విలన్ చచ్చాడు, బిడ్డ పుట్టాడు, వజ్రం దొరికింది. మేమేమీ అనుకోం.

మొన్న 2025 అక్టోబర్ 31న నాకు కాస్త ఆశ పుట్టింది. బాహుబలి రెండు భాగాల్నీ కలిపి కుట్టి ‘ది ఎపిక్’ పేరుతో ఒకే సినిమాగా వదిలారు, మూడు గంటల నలభై అయిదు నిమిషాలు. పచ్చబొట్టు పాట పోయింది, మనోహరి పోయింది, కథ నిలిచింది. ఏడాదీ తొమ్మిది నెలలు ఆగిన ప్రశ్నకి అదే కుర్చీలో, అదే టికెట్ మీద జవాబు దొరికింది. పదేళ్ళకి మీ పీడ విరగడైందనుకున్నాను. అంతలో బాహుబలి మీదే ఇంకో టీజర్ వదిలారు, యానిమేషన్. ‘ది ఎటర్నల్ వార్’ అట. కట్టప్ప చేతిలో చచ్చిపోయిన బాహుబలి పైలోకానికి వెళ్ళాక జరిగే యుద్ధమట. పేరు పక్కనే ‘పార్ట్-1’ అని వేశారు.

ఇట్లు,
మీరు బాకీపడ్డ ప్రేక్షకుల్లో ఒకడు