మా అక్కకి మంచు కనిపించింది, కొడుకు కనిపించలేదు

నిన్న సుభాష్ రోడ్డులో టీ తాగుతుంటే ఒక కుర్రోడు వచ్చి అడిగాడు. "అన్నా, జనవరిలో గుల్మార్గ్ పోతాండాం. స్నోబోర్డింగ్ నేర్చుకునేకి. హెల్మెట్‌కి పెట్టుకునేకి ఏ కెమెరా తీసుకోమంటావ్? 4కె చాల్తుందా, 5.3కె ఉండాల్నా?" గుల్మార్గ్ అంటే కశ్మీర్‌లో మంచుకొండల ఊరు, స్నోబోర్డింగ్ అంటే ఒకే పలక మీద నిలబడి మంచు మీద జారడం. ఈ నెలలో నన్ను ఇలా అడిగినవాళ్ళలో ఇతను నాలుగోవాడు. నలుగురూ మొదలుపెట్టింది ఆ కె దగ్గరే, అంటే వీడియో ఎంత పెద్ద సైజులో, ఎంత వివరంగా వస్తుందో చెప్పే నంబరు దగ్గరే. అక్కడ నిలబడి పది నిమిషాల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఓపికుంటే మొత్తం చదవండి, కనీసం ముప్పై నలభై వేలు పెట్టే ముందు చదవండి.

నేను అనంతపురంలో పధ్నాలుగేళ్ళుగా పెళ్ళి వీడియోలు తీస్తున్నాను. కెమెరా నాకు అన్నం పెడుతోంది. అయినా మంచు విషయంలో మొదట నేనిచ్చిన సలహా తప్పు. దాని వల్ల నష్టపోయింది మా మేనల్లుడు.

వాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. రెండు చలికాలాల కిందట "మామా, గుల్మార్గ్ పోతున్నా, కెమెరా చెప్పు" అన్నాడు. నేను కూడా అందరిలాగే డబ్బా మీద నంబర్లు చూశాను. బెంగళూరులోనే ఒక షాపులో పెద్ద నంబరున్నది కొనిపించాను. షాపువాళ్ళు దాని మౌంట్‌ని, అంటే కెమెరా బిగించే పట్టుని, హెల్మెట్ నడినెత్తి మీద అంటించి ఇచ్చారు. బాగుందనే అనుకున్నాం. వాడు తిరిగొచ్చాక సంక్రాంతికి అందరం మా అక్కవాళ్ళ ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. మొత్తం పన్నెండు నిమిషాల వీడియో. ఆ తర్వాత బ్యాటరీ చచ్చిపోయిందట. ఆ పన్నెండు నిమిషాల్లో ఉన్నదేమిటి? తెల్లగా నేల, తెల్లగా ఆకాశం, వాడి ఊపిరి చప్పుడు, అప్పుడప్పుడూ బోర్డు కొస. మా అక్క కాసేపు ఓపిగ్గా చూసి, "వీడేడిరా? మంచే కనపడ్తాంది గాని మావాడు కనపడ్డే" అంది. ఇంకాసేపటికి, "ఇంత సమంగా ఉంటే జారేదెట్లప్పా?" అని అడిగింది.

వాడు దిగింది గుండె జారే వాలు. టీవీలో అది మా ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులా ఉంది.

మా అక్క అడిగిన ఆ రెండు ప్రశ్నలు నాకు ఏ రివ్యూలోనూ దొరకలేదు. కెమెరా ఎంపిక మొదలవ్వాల్సింది అక్కడే. హెల్మెట్ మీద పెట్టిన కెమెరా మీరు చూసేది చూపిస్తుంది, మిమ్మల్ని చూపించదు. వైడ్ లెన్స్ దగ్గరివాటిని పెద్దవి చేసి, దూరాన్ని దూరంగా నెట్టేసి, వాలును చదును చేసేస్తుంది. పక్కన దేవదారు చెట్లో, కేబుల్ కారు స్తంభాలో నిలువుగా కనిపిస్తే తప్ప చూసేవాడికి అది కొండ అని తెలియదు. మీ కదలికలో తప్పులు మీరే చూసుకుని దిద్దుకోవడానికైతే హెల్మెట్ వీడియో సగం పనికొస్తుంది. మీ అమ్మకి చూపించడానికైతే పనికిరాదు. ఎవరికి చూపించడానికి తీస్తున్నారో మొదట తేల్చుకోండి. ఆ మాట తేలకముందే షాపుకి పోతే షాపువాడు తేల్చేస్తాడు.

ఇక్కడ బైక్ వీడియోలు తీసేవాళ్ళు ఒక సలహా ఇస్తుంటారు, గడ్డం దగ్గర చిన్ మౌంట్ పెట్టుకో, చేతులూ హ్యాండిలూ అన్నీ కనపడతాయి అని. గండికోట రైడ్‌కి అది చాలా మంచి సలహా. మంచుకి కుదరదు. బైకు హెల్మెట్‌కి గడ్డం దగ్గర అడ్డపట్టీ ఉంటుంది, మంచు హెల్మెట్లలో ఎక్కువ వాటికి ఉండదు. అంటించేచోటే లేదు. సరే, ఛాతీకి బెల్టు కట్టుకుందామంటారా? రెండు పాదాలకీ రెండు పలకలు కట్టుకుని స్కీయింగ్ చేసేవాడికి అది బ్రహ్మాండంగా కుదురుతుంది, ఎందుకంటే వాడు ఎదురుగా చూస్తూ దిగుతాడు. స్నోబోర్డు మీద మనిషి అడ్డంగా నిలబడతాడు. ఒక భుజం కిందికి, ఒక భుజం పైకి. తల మాత్రం భుజం మీదుగా తిప్పి దారి చూస్తాడు. ఛాతీ మీద కెమెరా పెడితే అది పోయే దారిని కాదు, పక్కనున్న కొండని తీస్తుంది. స్కీయింగ్ వీడియో చూసి స్నోబోర్డుకి కెమెరా కొంటే జరిగేది ఇదే. కాబట్టి తలకే పెట్టాలి అనుకుంటే నుదుటికి పైన, హెల్మెట్ ముందు భాగంలో, లేదా గాగుల్స్ పట్టీ పక్కన. అది కూడా ఎంత చిన్నదైతే అంత మంచిది.

ఈ చిన్నది అనే మాట దగ్గర నేను గట్టిగా ఉంటాను. గోప్రో హీరో 13 బ్లాక్ 159 గ్రాములు. డీజేఐ ఓస్మో యాక్షన్ 5 ప్రో 146 గ్రాములు. ఇన్‌స్టా360 గో 3ఎస్ 39 గ్రాములు. చేతిలో పట్టుకుంటే 150 గ్రాములు ఏమీ కాదు. నెత్తి మీద ఎత్తుగా పెట్టుకుని రోజంతా తల తిప్పుతూ ఉంటే సాయంత్రానికి మెడ చెప్తుంది. అంతకంటే పెద్ద సంగతి పడ్డప్పుడు. హెల్మెట్ నున్నగా ఉండేది ఊరికే కాదు, నేలకి తగిలినప్పుడు జారిపోవాలని. దాని మీద పొడుచుకొచ్చిన వస్తువు ఉంటే అది ఎక్కడో తట్టుకుని తలని మెలిపెట్టొచ్చు. మంచు హెల్మెట్లకి ఈఎన్ 1077, ఏఎస్‌టీఎం ఎఫ్2040 అని ప్రమాణాలున్నాయి. మీ హెల్మెట్ మీద ఆ ముద్ర ఉందంటే నెత్తిన మీ కెమెరాతో పరీక్షించి వేశారని కాదు. 2013 డిసెంబర్ 29న ఫ్రాన్స్‌లోని మెరిబెల్‌లో స్కీయింగ్ చేస్తూ మైకేల్ షూమాకర్ తల రాయికి తగిలి ఎంత దెబ్బతిన్నాడో అందరికీ తెలుసు. ఆ రోజు ఆయన హెల్మెట్‌కి కెమెరా ఉంది, దర్యాప్తులో ఆ వీడియోని కూడా పరిశీలించారు. కెమెరా వల్లే అంత దెబ్బ తగిలిందని నేను అనడం లేదు. ఫార్ములా వన్‌లో ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషికే మంచు మీద అలా జరిగింది, మొదటి రోజు బోర్డెక్కే మన పిల్లలు నెత్తిన ఇంకో బరువు పెట్టుకునే ముందు ఒక్కసారి ఆలోచించాలి అంటున్నాను. మౌంట్ కోసం హెల్మెట్‌కి రంధ్రాలు వేయించడం మాత్రం చేయొద్దు. దండం పెట్టి చెప్తున్నా.

అంటించే మౌంట్ అయితే ఇంట్లోనే అంటించండి, బయల్దేరడానికి కనీసం ఒక రోజు ముందు. ఆ జిగురు మామూలు వేడిలో 24 గంటలు ఉంటే గానీ పట్టు రాదు. హోటల్ బయట చలిలో నిలబడి అంటిస్తే మొదటి గెంతుకే ఊడి వస్తుంది. ఊడినా దొరికేలా ఒక చిన్న తాడు కట్టండి. మెత్తటి మంచులో పడ్డ కెమెరా మళ్ళీ మంచు కరిగితేనే దొరికేది.

ఇక చలి. మన ఊళ్ళో కెమెరాకి శత్రువు ఎండ. ఏప్రిల్ మధ్యాహ్నం పెనుకొండ దారిలో బండి ఆపి మాట్లాడుతుంటే నా యాక్షన్ కెమెరా వేడెక్కి తనంతట తనే ఆగిపోయింది. మన అనుభవమంతా అటువైపే. మన ఊరి పక్కనుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారి అటు శ్రీనగర్ దాకా పోతుంది, రోడ్డు ఒకటే, కానీ ఆ చివర కెమెరా చచ్చే కారణం వేరు. లిథియం బ్యాటరీ లోపల జరిగే రసాయన చర్య చలికి నెమ్మదిస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. ఛార్జ్ ఉంటుంది, కానీ కెమెరా అడిగినంత వేగంగా ఇవ్వలేదు. వోల్టేజి పడిపోయి కెమెరా ఆగిపోతుంది. మా వాడికి జరిగింది అదే. గదికొచ్చి చూస్తే అదే బ్యాటరీలో ఇంకా సగం పైన ఉందట. గుల్మార్గ్ ఊరే 2,600 మీటర్ల పైన ఉంది. కేబుల్ కారు కొంగ్‌డోరి మీదుగా అఫర్వత్ దగ్గర దాదాపు 3,900 మీటర్ల దాకా తీసుకుపోతుంది. పైన ఉన్నంతసేపూ చలీ గాలీ రెండూ కెమెరాని పీలుస్తూనే ఉంటాయి.

కాబట్టి రివ్యూలో బ్యాటరీ రెండు గంటలు వస్తుందంటే, అది ఏ ఊళ్ళో వచ్చిందో చూడండి. డీజేఐ తన ఓస్మో యాక్షన్ కెమెరాలు మైనస్ 20 డిగ్రీల దాకా పనిచేస్తాయని చెప్తుంది. గోప్రో చలికోసమే ఎండ్యూరో అని బ్యాటరీ తెచ్చింది. ఇవి కె కంటే ముందు చూడాల్సినవి. ఏది కొన్నా కనీసం మూడు బ్యాటరీలు ఉండాలి. రెండు ఎప్పుడూ జాకెట్ లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి తగిలేలా. విమానంలో అవి చేతి బ్యాగులోనే ఉండాలి, చెకిన్‌లో వేస్తే తీయిస్తారు. చల్లబడ్డ బ్యాటరీని వెంటనే ఛార్జింగ్‌కి పెట్టొద్దు, గది వేడికి వచ్చాక పెట్టండి. సున్నా కింద ఛార్జ్ చేస్తే బ్యాటరీ లోపల శాశ్వతంగా పాడవుతుంది. సాయంత్రం కెమెరాని తిన్నగా బుఖారీ పొయ్యి పక్కకి తీసుకుపోతే, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళసీసాకి పట్టినట్టు లోపలా బయటా చెమ్మ పడుతుంది. బయటే జిప్ కవర్లో వేసి మూసి, గదిలో గంటసేపు అలాగే వదిలేయండి. మా అక్క ఇడ్లీపిండి డబ్బాకి వాడే కవరే చాలు.

గ్లౌజుల సంగతి షాపులో ఎవరూ చెప్పరు. షాపులో ఏసీ గదిలో ఉత్త చేతులతో టచ్ స్క్రీన్ జరిపి చూస్తాం, ఎంత నున్నగా పోతుందో అని మురిసిపోతాం. లావు గ్లౌజులతో ఆ స్క్రీన్ పనిచేయదు. గ్లౌజు తీస్తే రెండు నిమిషాల్లో వేళ్ళు మొద్దుబారతాయి. ఒకే ఒక గట్టి బటన్ నొక్కితే ఆన్ అయ్యి వెంటనే రికార్డ్ మొదలయ్యేది కావాలి, మొదలైనట్టు చెవికి వినిపించే బీప్ కావాలి. కొనే ముందు షాపులో గ్లౌజులు వేసుకుని నొక్కి చూడండి. నవ్వితే నవ్వనీయండి.

ఇంకొకటి, ఇది చాలామందికి దెబ్బ కొడుతుంది. డీజేఐ, ఇన్‌స్టా360 కెమెరాలు మొదటిసారి వాడే ముందు ఫోన్ యాప్‌తో, ఇంటర్నెట్‌తో యాక్టివేట్ చేయాలి. కశ్మీర్‌లో మన ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. అక్కడికెళ్ళి డబ్బా తెరిస్తే కెమెరా చేతిలో ఉండి కూడా లేనట్టే. ఇంట్లోనే తెరిచి, యాక్టివేట్ చేసి, కార్డు ఫార్మాట్ చేసి, ఒక వారం బైకు మీద తిప్పి, అలవాటయ్యాక తీసుకుపోండి. మెమరీ కార్డు మీద వీ30 అని ఉండాలి, అది రాసే వేగానికి గుర్తు, అంతకంటే తక్కువది వద్దు.

వెలుతురు గురించి పెళ్ళి కెమెరామేన్‌గా ఒక మాట. తెల్ల పందిరి ముందు తెల్ల పట్టుపంచెలో పెళ్ళికొడుకుని నిలబెడితే ఆటోలో ఉన్న కెమెరా ఆ తెలుపుకి భయపడి మొత్తం మసక చేస్తుంది, మొహం నల్లబడుతుంది. మంచులో ఫ్రేమంతా తెలుపే. కెమెరా దాన్ని బూడిద రంగు చేసేస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుతురు, అర పాయింటో ఒక పాయింటో పైకి జరిపితే మంచు మంచులా కనిపిస్తుంది. ఇక 4కె, సెకనుకి 60 ఫ్రేములు పెట్టుకోండి, కావాల్సినచోట సగం వేగానికి తగ్గించుకోవచ్చు. 5.3కె వల్ల లాభం లేదనను, కుదుపు తగ్గించేటప్పుడు అంచులు కోసుకుపోతాయి కాబట్టి పెద్ద ఫ్రేము ఉంటే మంచిదే. కానీ చివరికి మీరు పంపేది వాట్సాప్‌లో. అక్కడ అది ఎలా నలిగిపోతుందో మీకూ తెలుసు.

మళ్ళీ మా అక్క ప్రశ్నకి వస్తాను. మనిషి కనిపించాలంటే దారులు రెండే. ఒకటి 360 కెమెరా, సెల్ఫీ స్టిక్ చివర పెట్టి పట్టుకోవడం. అన్నివైపులా తీస్తుంది, స్టిక్ మాయమవుతుంది, ఏ వైపు చూపించాలో ఇంటికొచ్చాక ఎంచుకోవచ్చు. స్కీయింగ్‌లో రెండు చేతుల్లో కర్రలుంటాయి, స్నోబోర్డులో చేతులు ఖాళీ, కాబట్టి ఇది కుదురుతుంది. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళు స్టిక్ ముట్టుకోవద్దు. స్నోబోర్డులో కొత్తవాళ్ళకి ఎక్కువగా విరిగేది మణికట్టే, పడేటప్పుడు చెయ్యి ఆనించడం వల్ల. ఆ చేతిలో కర్ర ఉంటే ఇంకేమన్నా ఉందా?

రెండో దారి ఖర్చు లేనిది. పక్కన ఒక మనిషి. మొదటి సీజన్‌లో నెత్తిన కెమెరా వద్దు, చేతిలో కెమెరా వద్దు. వాలు కింద స్నేహితుణ్ణి నిలబెట్టి తీయించుకోండి. రెండో ఏడాది కూడా కావాలనిపిస్తే అప్పుడు కొనండి. అప్పుడైనా ముందు బెంగళూరులో అద్దెకి తీసుకుని నాలుగు రోజులు వాడి చూడండి.

పోయిన చలికాలం నేనే వాడితో వెళ్ళాను. మూడు రోజులు వాలు కింద నిలబడి తీశాను, బ్యాటరీలు చంకలో పెట్టుకుని. చెట్లు ఒక పక్క ఫ్రేములో ఉండేలా, వాడు పైనుంచి చిన్న చుక్కలా మొదలై నా దాకా వచ్చేలా. వాడు పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు. ఒకసారి నా ముందుకొచ్చి ఆగి, గాగుల్స్ పైకెత్తి, "అమ్మా, చూసినావా!" అని కెమెరాలోకి అరిచాడు.

ఉగాదికి మళ్ళీ అదే టీవీ ముందు కూర్చున్నాం. వాడు అరిచినచోటికి రాగానే మా అక్క రిమోట్ నా చేతిలోంచి లాక్కుంది. వెనక్కి తిప్పడం రాక మొత్తం మొదటినుంచీ పెట్టించింది.