పచ్చచుక్క పాలన

వెబ్ సేవల వ్యాపారానికి ఆఫీసు అక్కర్లేదని తేలిపోయింది. అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, ఏసీ రిమోట్ కోసం గొడవ లేదు. డిజైనర్ ఒక ఖండంలో, డెవలపర్ ఇంకో ఖండంలో ఉంటారు. కంటెంట్ రాసే మనిషి ఎక్కడుంటాడో అతని ఇన్‌వాయిస్‌లో కూడా స్పష్టంగా ఉండదు. 'మా గురించి' పేజీలో ప్రపంచపటం పెట్టి, దాని మీద ఐదారు గుర్తులు గుచ్చి, 'మా టీమ్ నిద్రపోదు' అని రాసుకుంటే క్లయింటు మురిసిపోతాడు. అది అబద్ధం కూడా కాదు. టీమ్ నిద్రపోదు. మనకు కావలసిన మనిషి మాత్రం, మనకు కావలసిన గంటలో, తప్పకుండా నిద్రపోతుంటాడు.

ఇలాంటి టీమ్‌ని నడిపే యజమానులంటే లోకానికి చిన్నచూపు. ఇంట్లో కూర్చుని చాట్ చూసుకోవడం తప్ప వీళ్లు చేసేదేముందంటారు. ఆ అపోహ తొలగించడం అవసరం.

ముందు గడియారం సంగతి. ఒకచోట పొద్దుగూకితే మరోచోట తెల్లవారుతుంది కాబట్టి పని ఇరవై నాలుగు గంటలూ సాగాలన్నది సిద్ధాంతం. నిజానికి సాగేది సందేహం. బటన్ ఏ నీలంలో ఉండాలని డెవలపర్ అడిగి పడుకుంటాడు. డిజైనర్ లేచి 'ఏ బటన్?' అని అడిగి తన పనిలో పడిపోతుంది. మర్నాడు డెవలపర్ స్క్రీన్‌షాట్ పంపుతాడు. మూడో రోజుకు నీలం ఖాయమవుతుంది, నాలుగో రోజు క్లయింటు నారింజ అంటాడు. దీనికి తోడు ప్రభుత్వాలు కూడా తమ వంతు సాయం చేస్తాయి. నేపాల్ టైము ప్రపంచ ప్రామాణిక సమయానికి (యూటీసీ) 5 గంటల 45 నిమిషాలు ముందుంటుంది. అమెరికాలో చాలా చోట్ల గడియారాన్ని మార్చి నెల రెండో ఆదివారం గంట ముందుకు తిప్పితే, ఐరోపాలో చివరి ఆదివారం దాకా ఆగుతారు. ఆ మధ్య రెండు మూడు వారాలు సగం మంది మీటింగ్‌కి గంట ముందొచ్చి విసుగెత్తి వెళ్లిపోతారు, మిగతా సగం ఆ తర్వాత వస్తారు. క్యాలెండర్ ప్రకారం అందరూ టైముకే వచ్చినట్టు లెక్క.

మంది ఎక్కువైతే మజ్జిగ పలుచన అని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. దాన్నే 1975లో అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ సాఫ్ట్‌వేర్‌కి వర్తింపజేశాడు: ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్తగా మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుంది. ఐదుగురుంటే ఒకరితో ఒకరు మాట్లాడుకునే దారులు 10, పదిమందైతే 45. యజమాని ఈ చిక్కుని అర్థం చేసుకుని, పరిష్కారంగా ఇంకో టూల్ కొంటాడు. మాట్లాడుకోవడానికి ఒకటి, పనులు రాసుకోవడానికి ఒకటి, ఫైళ్లకు ఒకటి, ఇవన్నీ ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోవడానికి ఇంకొకటి. ఇక 'క్లయింటు లోగో ఎవరి దగ్గరుంది?' అన్న ప్రశ్నకు ఏడు చోట్ల వెతికి, ఎనిమిదో చోట అదే ప్రశ్న మళ్లీ అడగవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చాట్‌లో పేరు పక్కన వెలిగే పచ్చచుక్క. అది వెలిగితే మనిషి ఉన్నట్టు, బూడిదరంగులోకి మారితే జీతం తిని ద్రోహం చేసినట్టు. ఆఫీసులో అయితే ఆలోచిస్తూ కిటికీలోంచి చూసేవాణ్ణి మేధావి అంటాం. ఇంట్లో అదే పని చేస్తే 'అవే' (Away, అంటే సీట్లో లేడు) అని పడుతుంది. అందుకే పది నిమిషాలకోసారి స్క్రీన్‌షాట్ తీసే సాఫ్ట్‌వేర్, మౌస్ కదలికలు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ పుట్టుకొచ్చాయి. వాటికి విరుగుడుగా మౌస్‌ని తనంతట తానే కదిలించే యంత్రాలూ వచ్చాయి. 2024లో అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు వాడుతున్నట్టు నటించారన్న ఆరోపణల మీద డజనుకు పైగా ఉద్యోగుల్ని తీసేసింది. అంటే ఇటు యంత్రం మౌస్ కదిలిస్తే అటు యంత్రం దాన్ని లెక్కపెట్టింది. మధ్యలో మనిషి ప్రమేయం లేకుండా ఇంత సమన్వయంతో సాగిన రిమోట్ పని వేరే ఏదైనా ఉందా? మెచ్చుకోవలసింది పోయి ఉద్యోగాలు తీశారు.

పచ్చచుక్క ప్రాముఖ్యం తెలియనివారు గిట్‌ల్యాబ్ కథ వినాలి. అది ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సేవ అందించే, పూర్తిగా రిమోట్‌గా నడిచే కంపెనీ. 2017 జనవరి 31న, రాత్రి పొద్దుపోయాక కూడా డేటాబేస్ సమస్యతో కుస్తీపడుతున్న ఒక ఇంజనీరు, ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటా చెరిపేశాడు. పొరపాటు గ్రహించి ఆపేలోపు సుమారు 300 జీబీ పోయింది. ఫరవాలేదు, డేటా నకళ్లు (బ్యాకప్‌లు) ఉన్నాయి కదా అని చూస్తే, ఐదు రకాల ఏర్పాట్లలో ఒక్కటీ సరిగ్గా అక్కరకు రాలేదు. బ్యాకప్ విఫలమైందని హెచ్చరించే ఈమెయిళ్లు సైతం ఎవరికీ చేరకుండా తిరస్కరణకు గురవుతూ వచ్చాయట. చివరికి ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిపెట్టిన కాపీ గట్టెక్కించింది. వాళ్లు సిగ్గుపడకుండా ఆ మరమ్మతునంతా యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశారు, ఎక్కడ తప్పిందో వివరంగా రాసి లోకానికి పంచారు. ఇన్ని చేసినవాళ్లు ముఖ్యమైన ప్రశ్న మాత్రం వదిలేశారు: ఆ సమయంలో ఆ ఇంజనీరు పేరు పక్కన చుక్క ఏ రంగులో ఉంది? పచ్చగానే ఉండి ఉంటుంది. నిద్రమానుకుని పనిచేస్తున్న మనిషి మరి. నిఘా సాఫ్ట్‌వేర్ ఉంటే ఆ గంటకు నూటికి నూరు మార్కులు వేసేది.

బ్యాకప్ తిరిగొస్తుందా లేదా అని ఎవరు చూడాలంటారా? అది పచ్చగానో బూడిదగానో కనిపించేది కాదు కాబట్టి యజమాని పరిధిలోకి రాదు. డొమైన్, అంటే వెబ్‌సైటు పేరు, రెన్యూవల్ కూడా అంతే. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్టే, తన ఈమెయిల్ సేవ హాట్‌మెయిల్ లాగిన్‌కు వాడే పాస్‌పోర్ట్ డాట్ కామ్ డొమైన్‌కు రుసుము కట్టడం మరిచిపోయింది. హాట్‌మెయిల్ తెరవలేక జనం అవస్థపడితే, సంబంధం లేని ఒక ప్రోగ్రామర్ తన కార్డుతో 35 డాలర్లు కట్టి ఆదుకున్నాడు. మన స్థాయికి అలాంటి దాతలు దొరకరు. మన డొమైన్ ఎప్పుడో మానేసిన ఫ్రీలాన్సర్ ఖాతాలో ఉంటుంది, ఓటీపీ అతని పాత ఫోన్‌కి వెళ్తుంది, రెన్యూవల్ హెచ్చరిక మనం మూసేసిన అతని మెయిల్‌కి వెళ్తుంది. ఇక సైటు అసలైనదేనని బ్రౌజర్‌కు రుజువు చూపే భద్రతా సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 2029 మార్చి నుంచి 47 రోజులకు తగ్గబోతోంది. ఆటోమేట్ చేసుకోండని దాని అర్థం. మన టీమ్‌లో అయితే ఆ పనికి టాస్క్ కార్డు రాసి, 'తర్వాత చేద్దాం' కాలమ్‌లో పెట్టి, అందరూ బొటనవేలు పైకెత్తిన 'లైక్' గుర్తు నొక్కుతారు.

ఇన్ని తెలిసే మనం క్లయింటుకు 99.9 శాతం అప్‌టైమ్ (సైటు పనిచేసే సమయం) అని సంతకం పెడతాం. వినడానికి గొప్పగా ఉంటుంది. లెక్కేస్తే 30 రోజుల నెలలో సైటు 43 నిమిషాలు పడిపోవచ్చని అర్థం. యజమాని కంగారుపడాల్సిన పనేం లేదు. సైటు పడిన మరుక్షణం అందరికీ మీటింగ్ లింకు పంపాలి. జూమ్ ఉచిత ప్లాన్‌లో మీటింగ్ 40 నిమిషాలకు దానంతటదే తెగిపోతుంది కాబట్టి, 'నా మాట వినిపిస్తోందా?' దగ్గర మొదలై బాధ్యుడెవరో తేలేలోపు అది ముగిసిపోతుంది. ఇంకా మూడు నిమిషాలు మిగులుతాయి. సర్వర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో అప్పుడు కనుక్కోవచ్చు.